మెట్ల మీద పడింది కిరాయిదారు తల్లి, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా ఆయన పోయాక కింది ఇంట్లో నేనుంటూ పైన రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చాను. ఆ కిరాయితోనే నాకు గడుస్తుంది. పైకి వెళ్లే మెట్ల దగ్గర రేలింగు ఒకచోట ఊడింది. కిరాయికున్న అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. వెల్డింగ్ అతను వస్తానని రాలేదు, నేనూ గట్టిగా వెంటపడలేదు. పోయిన నెల ఆ అబ్బాయి తల్లి ఊరి నుంచి వచ్చింది. రాత్రి కరెంటు పోయినప్పుడు మెట్లు దిగుతూ పక్కకు పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించారు, 2 లక్షల 70 వేలు అయిందట. సగం నన్ను భరించమని అడుగుతున్నాడు. మా తమ్ముడేమో ‘రూపాయి కూడా ఇవ్వకు, ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే’ అంటున్నాడు. ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ చేయించారు, అది పనికొస్తుందా? ఇప్పుడు కొత్త పాలసీ తీసుకోవచ్చా? ఇకమీద అగ్రిమెంటులో ‘ఏం జరిగినా ఓనరుకు సంబంధం లేదు’ అని రాయించుకుంటే సరిపోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, రేలింగు ఊడిందని ఆ అబ్బాయి రెండుసార్లు చెప్పిన సంగతి మీరు దాచకుండా రాశారు. మీ ప్రశ్నలకు జవాబు చాలావరకు ఆ మాట మీదే ఆధారపడి ఉంది. కాబట్టి ముందు సూటిగా చెప్తాను. ఈ ఖర్చులో కొంత మీ మీద పడే అవకాశం గట్టిగానే ఉంది. బ్యాంకు పాలసీ దీనికి పనికిరాకపోవచ్చు. కొత్త పాలసీ ఈ ప్రమాదానికి వర్తించదు. అగ్రిమెంటులో ఏం రాయించుకున్నా దాని మీద సంతకం పెట్టని మనిషిని అది ఆపలేదు. అయినా కోర్టు దాకా పోకుండా ఇద్దరికీ న్యాయంగా తేల్చుకునే దారి ఉంది. దాని గురించి చివర్లో చెప్తాను.

ఇల్లు కిరాయికిచ్చినంత మాత్రాన లోపల జరిగే ప్రతిదానికీ ఓనరు పూచీ పడాల్సిన పని లేదు. కిరాయిదారు వంటింట్లో నూనె ఒలికి వాళ్లింట్లో వాళ్లే జారితే మిమ్మల్ని అడగడానికి ఏమీ ఉండదు. ప్రమాదం జరిగిన చోటు ఎవరి చేతిలో ఉంది, లోపం సంగతి ఎవరికి తెలుసు, తెలిశాక బాగుచేసే వ్యవధి ఉందా అన్నవి కోర్టు చూస్తుంది. మెట్లు, మిద్దె, పిట్టగోడ, సంపు, బోరు మోటరు, మెయిన్ బోర్డు, గేటు లాంటివి అందరూ వాడుకునేవి. వీటిని ఏ ఒక్క కిరాయిదారుకూ అప్పగించలేదు కాబట్టి అవి ఓనరు చేతిలో ఉన్నట్టే లెక్క. మీ విషయంలో చోటు మీ చేతిలోది, లోపం మీకు తెలుసు, వ్యవధి కూడా ఉంది. పడింది కిరాయిదారు కాదు, ఆయన తల్లి అన్న వాదన ఇక్కడ నిలబడదు. కిరాయికున్నవాళ్ల ఇంటికి చుట్టాలు వస్తారని, వచ్చినవాళ్లు ఆ మెట్లే ఎక్కుతారని ఏ ఓనరుకైనా తెలిసిన సంగతే.

‘అంత అవసరమైతే వాడే బాగుచేయించుకొని కిరాయిలో పట్టుకోవచ్చు కదా’ అని మీ తమ్ముడు అనవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108లో అలాంటి వీలు ఉన్నమాట నిజమే. ఓనరు చేయించాల్సిన రిపేరును, చెప్పిన తర్వాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో తగ్గించుకోవచ్చు. కానీ అది కిరాయిదారుకు ఇచ్చిన హక్కు. అతను దాన్ని వాడుకోలేదని అతని తల్లి దెబ్బకు మీ పూచీ పోదు. అదే సెక్షన్‌లో మీరు గుర్తుంచుకోవాల్సినది ఇంకొకటి ఉంది. ఇంట్లో మీకు తెలిసిన పెద్ద లోపం, కిరాయికి వచ్చేవాళ్లు మామూలుగా చూస్తే కనిపించనిది ఏదైనా ఉంటే ముందే చెప్పి తీరాలి. స్లాబు లోపల చువ్వలు తుప్పు పట్టి పైన సున్నం వేసి కప్పిన గది ఉందనుకోండి, దాన్ని చెప్పకుండా ఇస్తే రేపు పెచ్చులూడి ఎవరి నెత్తిన పడ్డా తప్పించుకోలేరు.

రోడ్డు వైపు ఉన్న గోడలు, సజ్జల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పింది. ఆ కట్టడానికి 80 ఏళ్లు. వాడిన సున్నం రకాన్ని బట్టి దాని ఆయుష్షు 40, 45 ఏళ్లేనని ఇంజినీరు సాక్ష్యం చెప్పాడు. రోడ్డు పక్క కట్టడం కూలి దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే, ‘లోపం పైకి కనబడలేదు, మాకు తెలియదు’ అన్నా సొంతదారు బాధ్యత పోదని కోర్టు తేల్చింది. పాలమూరు, నల్గొండ పాత బజార్లలో సున్నం గోడల మిద్దెలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కింద మడిగెలు, పైన పోర్షన్లు, రోడ్డు మీదికి ఒరిగిన సజ్జ. అలాంటి ఇంటి ఓనర్లు ఈ తీర్పు సంగతి తెలుసుకోవాలి. మీ ఇంటి సజ్జను, పిట్టగోడను కూడా ఒకసారి మంచి సుతారికి చూపించండి.

ఇప్పుడు డబ్బు లెక్క. సగం అన్నది చట్టంలో ఎక్కడా లేదు, అది ఆ అబ్బాయి తన మనసుకు న్యాయమనిపించి చెప్పిన లెక్క. కోర్టుకు వెళితే ఆసుపత్రి బిల్లులే కాదు, మందులు, మనిషిని పెట్టుకున్న ఖర్చు, ఆవిడ కూలికో పొలానికో పోయే మనిషైతే పోయిన సంపాదన, పడ్డ బాధ, ముందు ముందు నడకలో మిగిలే ఇబ్బంది కూడా లెక్కలోకి వస్తాయి. మరోవైపు, చీకట్లో దీపం లేకుండా దిగారని, రేలింగు లేదని తెలిసి కూడా జాగ్రత్తపడలేదని తేలితే ఆవిడ పాలు ఎంతో చూసి ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. కాబట్టి కోర్టు చెప్పే మొత్తం సగం కన్నా తక్కువ కావచ్చు, ఎక్కువా కావచ్చు. దెబ్బ తగిలినందుకు దావా వేయడానికి 3 ఏళ్ల గడువు ఉంటుంది, కాబట్టి నాలుగు రోజులు ఊరుకుంటే సద్దుమణుగుతుందని అనుకోకండి.

మీరు అడగకపోయినా పోలీసు కేసు సంగతి కూడా చెప్పాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద, నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చి తీవ్రమైన గాయమైతే 3 ఏళ్ల దాకా జైలు గానీ, 10 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎముక విరగడం తీవ్రమైన గాయాల లెక్కలోకే వస్తుంది. కానీ సివిల్ పరిహారానికి సరిపోయే అశ్రద్ధ నేరానికి కూడా సరిపోవాలని లేదు, అక్కడ రుజువు చాలా గట్టిగా ఉండాలి. పోలీసుల నుంచి పిలుపు వస్తే వకీలును వెంటబెట్టుకొని వెళ్లండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. రేలింగు ఊడిన సంగతి నాకు తెలియదని మాత్రం ఎవరు చెప్పమన్నా చెప్పకండి. ఆ అబ్బాయి ఫోన్‌లో మీకు పంపిన మెసేజ్ ఒక్కటున్నా మీ మిగతా మాటలన్నీ ఎవరూ నమ్మరు. ఈ శిక్షలకు, జరిమానాలకు ఏ ఇన్సూరెన్సూ అడ్డు రాదని కూడా తెలుసుకోండి.

బ్యాంకువాళ్లు చేయించిన పాలసీ సంగతికి వద్దాం. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసుకునేది తన డబ్బు భద్రత. ఇల్లు కాలిపోయినా, వరదకో భూకంపానికో కూలినా కట్టుకోవడానికి డబ్బు వచ్చేలా పాలసీ చేయిస్తారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇళ్లకు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే రకం పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. అది మంచి పాలసీయే. పిడుగు, గాలివాన, వరద, అగ్నిప్రమాదం లాంటివి అందులో ఉన్నాయి. అలాంటి నష్టం జరిగి ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే పోయిన కిరాయి కూడా ఇస్తారు, మీలా కిరాయి మీద బతికేవాళ్లకు అది చాలా విలువైన భాగం. కానీ మీ మెట్ల మీద పరాయి మనిషి పడితే ఆ మనిషికి మీరు ఇవ్వాల్సిన పరిహారం దాని మామూలు రక్షణలో లేదు. కాగితం తీసి చూడండి. ‘పబ్లిక్ లయబిలిటీ’ అన్న భాగం విడిగా జతచేసి, దానికి ప్రీమియం కట్టినట్టు ఉంటే తప్ప ఆశ పెట్టుకోకండి. ఒకవేళ ఉంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ఈరోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. అప్పుడు మీ తమ్ముడి మాటలో సగం నిజం అవుతుంది, ఎందుకంటే అలాంటి పాలసీల్లో కంపెనీ ఒప్పుకోకుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు, ఇంతిస్తానని మాట ఇవ్వకూడదు.

ఇకమీదటికి మీకు కావాల్సింది ఆ పబ్లిక్ లయబిలిటీ భాగమే. కొన్ని కంపెనీలు ‘హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ’ పాలసీలో దొంగతనం, సామాను నష్టంతో పాటు దీన్ని కూడా ఒక భాగంగా ఇస్తాయి. కొందరు ఏజెంట్లు ‘అది ఫ్యాక్టరీలకేనమ్మా’ అంటారు. వాళ్లు చెప్పేది ప్రమాదకర పదార్థాలతో పనిచేసేవాళ్లకు తప్పనిసరి చేసిన 1991 చట్టం గురించి. ఇంటి పాలసీలో వచ్చే భాగం వేరు, స్వచ్ఛందంగా తీసుకునేది. ఏజెంటుతో మాట్లాడేటప్పుడు ఇంట్లో కొంత భాగం కిరాయికి ఇచ్చానని ప్రపోజల్ ఫారంలోనే రాయించండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఇంటి పాలసీలు ఓనరు తానే ఉండే ఇంటిని మనసులో పెట్టుకొని తయారైనవి. కిరాయి సంగతి దాచి తీసుకున్న పాలసీని క్లెయిమ్ రోజున కంపెనీ తిప్పికొట్టడానికి అదొక్క కారణం చాలు. కిరాయిదారు, అతని కుటుంబం, వచ్చే చుట్టాలు ‘మూడో వ్యక్తులు’ కింద వస్తారా అని అడిగి, వస్తారని కాగితం మీదే చూపించమనండి. ఒక ప్రమాదానికి ఎంత వరకు ఇస్తారు, ఏడాది మొత్తానికి ఎంత, వకీలు ఖర్చు ఆ మొత్తంలోపలా బయటా, మొదటి కొంత మీరే భరించాలా అన్నవి కూడా తేల్చుకోండి. నోటిమాట ఒప్పుకోవద్దు. మీ దగ్గర పనిచేసే మనిషికి తగిలిన దెబ్బ ఇందులో రాదు, దానికి వేరే పాలసీ ఉంటుంది. మిద్దె మీద వెల్డింగ్ చేస్తూ పనివాడు పడితే అది ఇంకో తలనొప్పి. కాబట్టి రేలింగు పని అప్పజెప్పేటప్పుడు, తన మనుషులకు బీమా ఉన్న కాంట్రాక్టరు దొరికితే అతనికే ఇవ్వండి. కింద మడిగెలు గానీ, హాస్టల్ గానీ నడుపుతుంటే ఇంటి పాలసీ సరిపోదు, వ్యాపారానికి తగిన పాలసీ అడగాలి. జడ్చర్ల, పోలేపల్లి వైపు కంపెనీల పనివాళ్లకు ఒక్కో గదిలో నలుగురైదుగురిని పెట్టి కిరాయికిచ్చేవాళ్లు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి.

పాలసీ ఉందని రిపేరు వాయిదా వేస్తే మాత్రం మళ్లీ ఇక్కడికే వస్తారు. లోపం తెలిసి కూడా వదిలేశారని కంపెనీకి తెలిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. నన్నడిగితే మన వైపు కిరాయి ఇళ్లలో మెట్ల కన్నా కరెంటు గురించి ఎక్కువ భయపడాలి. మీటరు దాకా తీగ కరెంటు సరఫరా సంస్థది (డిస్కం), మీటరు తర్వాత వైరింగ్ మనది. నల్గొండ, మహబూబ్‌నగర్ ఎండలకు ప్రతి పోర్షన్‌లోనూ ఇనుప కూలరు ఉంటుంది, తడి గచ్చు మీద నిలబడి అందులో నీళ్లు పోస్తారు. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఆ కూలరు బాడీకి కరెంటు వస్తే ప్రాణం పోతుంది. మిద్దె మీద ఇనుప తీగతో దండెం కట్టి, ఆ తీగ సర్వీసు వైరుకు రాసుకొని, తడి బట్టలు ఆరేస్తూ ఆడవాళ్లు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కూలరు కిరాయిదారుదే కావచ్చు, ఎర్తింగ్ మాత్రం మీది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించండి, ప్రతి పోర్షన్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తీగలో కరెంటు కొద్దిగా లీకైనా అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. ఇనుప తీగ దండేలన్నీ విప్పించి నైలాన్ తాడు కట్టించండి. సంపుకు తాళం వేసే మూత పెట్టించండి, చిన్నపిల్లలున్న ఇంట్లో దాని మీద రేకుముక్క కప్పి వదిలేయడం ఘోరం. మెట్ల దగ్గర కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి పెట్టించండి. ప్రతి పనికీ బిల్లు తీసుకొని దాచండి. రేపు ఎవరైనా అశ్రద్ధ అంటే మీ తరఫున మాట్లాడేది ఆ బిల్లులే.

అగ్రిమెంటులో ‘ఏం జరిగినా సంబంధం లేదు’ అన్న వాక్యం వద్దు. అది మీకు దొంగ ధైర్యం ఇస్తుంది. దానికి బదులు పనికొచ్చే మాటలు రాయించుకోండి. లోపం ఏదైనా కనబడితే కిరాయిదారు ఫలానా ఫోన్ నంబరుకు మెసేజ్ ద్వారా తెలపాలని, మీరు ఇన్ని రోజుల్లో చేయిస్తారని, అత్యవసరమైతే ఆయనే చేయించుకొని బిల్లు చూపించి కిరాయిలో పట్టుకోవచ్చని, మీకు చెప్పకుండా వైరింగ్‌ను, గోడలను ముట్టుకోకూడదని రాయండి. ఇల్లు అప్పగించే రోజు ఇద్దరూ కలిసి తిరిగి ఫొటోలు తీసుకోండి. మీ కిరాయినామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరా అన్నది వకీలును అడిగి తెలుసుకోవడం కూడా మరిచిపోవద్దు.

ఇప్పుడు మీరు వెంటనే చేయాల్సిన పనులు చెప్తాను. ఊడిన రేలింగు ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీయించి, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా బాగుచేయించండి. తర్వాత ఆ తల్లిని చూడటానికి వెళ్లండి. ఇప్పటికే చూసి ఉంటే ఇంకోసారి వెళ్లండి. మనిషి పడి మంచాన ఉంటే ఓనరు ముఖం చాటేయడం వల్లే చాలా వ్యవహారాలు పోలీస్ స్టేషన్ దాకా పోతాయి. మీ కాగితాల్లో ఆ పబ్లిక్ లయబిలిటీ భాగం లేకపోతే డబ్బు సాయం చేయడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. సాయం చేస్తే అది తప్పు ఒప్పుకోవడమే అవుతుందన్న మీ తమ్ముడి భయానికి మందు ఉంది. ఇది చికిత్సకు చేస్తున్న సాయం, బాధ్యత ఒప్పుకోలు కాదు, దీన్ని సాక్ష్యంగా వాడరాదు అని ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్న కాగితంతో, బ్యాంకు ద్వారా ఇవ్వండి. చేతికి నగదు ఇవ్వొద్దు.

మొత్తం తేల్చుకునే ముందు బిల్లులు చూపించమని అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఆవిడకు గానీ కొడుకుకు గానీ ఆరోగ్య బీమా ఉండి కొంత కంపెనీ కట్టిందా, వాళ్లది రేషన్ కార్డున్న కుటుంబమైతే ఆరోగ్యశ్రీలో ఏమైనా వచ్చిందా కనుక్కోండి. ఇంకా చికిత్స మిగిలి ఉంటే ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవమని చెప్పండి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసే సురక్ష బీమా మీద ఆశ పెట్టించకండి, అది ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి తప్ప ఆసుపత్రి బిల్లుకు రాదు.

నిజంగా వాళ్ల జేబులోంచి పోయినదాంట్లో సగం దగ్గర ఒప్పందం కుదిరితే, మీ చోట నేనుంటే ఒప్పుకునేదాన్ని. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు అడగండి, కొంత కిరాయిలో తగ్గించుకోమని అడగండి. మీ పరిస్థితి ఆ అబ్బాయికి తెలియనిది కాదు. అయితే ఆ ఒప్పందాన్ని ఇంట్లో కూర్చొని తెల్లకాగితం మీద రాసుకోకండి. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇద్దరూ కలిసి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చిన అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా అక్కడే ఉచితంగా వకీలును కూడా ఇస్తారు. ఒకటి మాత్రం గట్టిగా చూసుకోండి: రాజీ మీద సంతకం కొడుకుది ఒక్కటే ఉంటే చాలదు. దెబ్బ తగిలింది తల్లికి, పరిహారం హక్కు ఆవిడది. ఆవిడకు చదివి వినిపించి, అర్థమైందని ఆవిడ చెప్పాకే ఆవిడ సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, డబ్బు కూడా ఆవిడ ఖాతాలోకే వెళ్లాలి.